బెల్లం అట్లు పోయడం నేర్చుకున్న తీరు

మా ఇంట్లో పొద్దుటి ఫలహారం ఇడ్లీ, ఉప్మా, మినపట్టు, పెసరట్టు చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. పండగ పూట తప్ప పొద్దున్నే బెల్లం డబ్బా మూత తీసే అలవాటు మాకు లేదు. పిల్లలు ఒక ప్రయాణంలో హోటల్లో పాన్‌కేకులు తిని వచ్చినప్పటి నుంచి, మెత్తగా, మందంగా, పైన తేనె కారుతూ ఉండే ఆ తీపి అట్లు ఇంట్లో కూడా కావాలని పట్టుబట్టారు. బజారులో దొరికే పొడి పొట్లం తెచ్చి పాలు కలిపి పోస్తే పని అయిపోయేదే. కానీ ఆ పొట్లం వెనక రాసిన దినుసులు చదివితే మైదా, పంచదార, పిండి పొంగడానికి వేసే పొడులు, వెనిలా వాసన తప్ప చెప్పుకోదగ్గది మరేమీ కనబడలేదు. ఈపాటి దానికి మా అమ్మమ్మగారింట్లో సాయంత్రాలు పోసే బెల్లం అట్లు ఏం తీసిపోయాయని అనిపించి, గోధుమపిండి, బెల్లం ముందు పెట్టుకుని మొదలుపెట్టాను.

అట్లు పోయడం నాకు కొత్త కాదు. అయినా తీపి అట్టు దగ్గరికి వచ్చేసరికి చేతికి వచ్చిన పని కూడా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. గోదావరి జిల్లాల్లో అట్టుకూ తీపికీ స్నేహం పాతదే. కోనసీమలో దిబ్బరొట్టెను చెరకు పానకంలో ముంచుకుని తింటారు; మా ఇంట్లో మినపట్టు మీద నెయ్యి వేసి పక్కన బెల్లం ముక్క పెట్టుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్దికి మేము పోసే అట్లలో కూడా బియ్యం, మినపప్పే తప్ప బెల్లం కలవదు. అంటే వీటన్నిటిలో తీపి అట్టు పక్కన ఉంటుంది, అట్టు లోపల ఉండదు. తీపి పిండి లోపలికి చేరిన క్షణం నుంచి పెనం, సెగ, పిండి జారుడు, తిప్పే వేళ అన్నీ మారిపోతాయి. ఇది అర్థమయ్యాక నాకు మిగిలిన పనంతా తేలికైంది.

ముందుగా బెల్లం సంగతి. మాకు బెల్లం అనగానే గుర్తుకు వచ్చేది అనకాపల్లి. అక్కడి దిమ్మలైనా, కామారెడ్డి వైపు నుంచి వచ్చే బెల్లమైనా, అట్లకు నేను చూసేది రంగు. పసుపు పచ్చగా నిగనిగలాడే దిమ్మ కంటికి ఇంపుగా ఉంటుంది కానీ, ఆ మెరుపు చాలాసార్లు రసం కాచేటప్పుడు తెల్లదనం కోసం కలిపే హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్ వల్ల వస్తుంది. ముదురు గోధుమ రంగులో, గోరు గుచ్చితే కొంచెం దిగే బెల్లంలో చెరకు రసం వాసన, చిరు ఉప్పదనం మిగిలి ఉంటాయి. అట్టుకు రుచి వచ్చేది దానితోనే. సంక్రాంతి రోజుల్లో గానుగలు ఆడుతున్నప్పుడు వచ్చే కొత్త బెల్లం లేతగా, తడిగా ఉంటుంది కనుక నీళ్ళు కొంచెం తగ్గించుకోవాలి. వానాకాలం దాటి నిలవ ఉన్న పాత బెల్లం నల్లబడి పులుపు తిరుగుతుంది. పరమాన్నానికి అది పనికిరాదని మా అత్తగారు పక్కన పెట్టేస్తారు కానీ, అట్లకు మాత్రం నేను దాన్నే వెతుక్కుంటాను. దాని పులుపుతో చిటికెడు వంటసోడా కలిస్తే పిండిలో చిన్న చిన్న బుడగలు లేస్తాయి.

ఇంట్లో నలుగురికి సరిపోయేటట్టు నేను తీసుకునే కొలత 200 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల బియ్యప్పిండి, 120 గ్రాముల బెల్లం, సుమారు 350 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక చిన్న కొబ్బరి చిప్పలో సగం కోరు, ఐదారు ఏలకులు, చిటికెడు ఉప్పు. దీనికి అరచేతి కంటే కాస్త పెద్దవి ఎనిమిది నుంచి పది దాకా వస్తాయి. బెల్లం అట్లకు పిండితో సమానంగా బెల్లం వేసే ఇళ్ళు నేను చూశాను. అలా చేస్తే తినడానికి బాగానే ఉంటాయి కానీ, అవి పెనం మీద నుంచి చెక్కుచెదరకుండా రావాలంటే నెయ్యి ధారగా పోయాలి. పిండిలో సగం బరువుకు మించి బెల్లం పడితే అట్టు కాలడం పోయి అడుగున పాకం పట్టడం మొదలవుతుందని నా లెక్క. ఉప్పు చిటికెడే అయినా మానకూడదు. అది లేని బెల్లం అట్టు నోట్లో చప్పటి తీపిగా తోస్తుంది.

బెల్లాన్ని తురిమి నేరుగా పిండిలో కలపడం తొందర పని. బెల్లంలో ఇసుక, చెరకు పిప్పి నలుసులు, ఒక్కోసారి గోనె పీచు కూడా ఉంటాయి. ఒక్క ఇసుక రేణువు పంటి కింద పడితే ఆ పూట ఫలహారం మీద మనసు విరిగిపోతుంది. అందుకని కొలిచి పెట్టుకున్న నీళ్ళలో సగం గోరువెచ్చగా చేసి, దంచిన బెల్లం వేసి, పొయ్యి కట్టేసి, కరిగాక పలుచటి గుడ్డలో వడగడతాను. ఇక్కడ పాకం రానివ్వకూడదు, కరిగితే చాలు. గిన్నె అడుగున చివరికి మిగిలే మడ్డిని చూస్తే వడకట్టడం ఎందుకో పిల్లలకైనా వేరే చెప్పనక్కరలేదు. ఆ బెల్లపు నీళ్ళు పూర్తిగా చల్లారాకే పిండి ముట్టుకోవాలి. గోధుమపిండిలోని పిండిపదార్థం 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీళ్ళు పీల్చి ఉబ్బడం మొదలుపెడుతుంది కనుక, వేడి నీళ్ళు పడిన చోటల్లా పైన జిగురు, లోపల పొడి ఉన్న ఉండలు కడతాయి. వాటిని తర్వాత ఎంత చిదిమినా విడిపోవు.

నీళ్ళకు బదులు పాలు పోయవచ్చా అని చాలామంది అడుగుతారు. పోయవచ్చు, అయితే రెండు చిక్కులున్నాయి. వేడి పాలలో బెల్లం పడితే పాలు విరుగుతాయి. పాయసం వండే ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే ఇది. రెండూ చల్లగా ఉన్నప్పుడు కలిపితే విరగకుండా నిలిచినా, పాలలో ఉండే మాంసకృత్తులూ పాల చక్కెరా కలిసి అట్టును మరింత తొందరగా ఎర్రబారుస్తాయి. బెల్లం ఒక్కదానితోనే సెగను అదుపు చేయడానికి అవస్థ పడుతుంటే పాలు కూడా ఎందుకని నేను నీళ్ళతోనే సరిపెడతాను. కమ్మదనం కావాలనుకున్న రోజున చిక్కటి కొబ్బరి పాలు కొన్ని పోస్తాను.

గోధుమపిండి, బియ్యప్పిండి, ఉప్పు వెడల్పాటి గిన్నెలో కలిపి, మధ్యలో గుంట చేసి, చల్లారిన బెల్లపు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ముందు గట్టి ముద్దలా కలపాలి. ఉండలన్నీ ఆ గట్టి దశలోనే చితుకుతాయి. ఒక్కసారిగా నీళ్ళన్నీ పోస్తే ఉండలు తేలిపోయి గరిటెకు దొరకవు. ముద్ద నునుపైన తర్వాత మిగిలిన నీళ్ళు పోసి జారుగా చేయాలి. అక్కడి నుంచి మాత్రం ఎక్కువ గిలకొట్టకూడదు. గోధుమలోని జిగురు సాగి సాగి బిగిసిపోతే అట్టు తోలులా సాగుతుంది. బియ్యప్పిండి వేసేది ఇందుకే. అందులో జిగురు లేదు కనుక అంచులు కరకరలాడతాయి, మధ్యభాగం సులువుగా తెగుతుంది. అయితే బియ్యప్పిండి వంతు పెరిగితే చల్లారాక అట్టు బిరుసెక్కి పెళుసుగా విరుగుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాను. ఉప్పటి గోధుమ అట్టుకు సరిపోయిన నీళ్ళే తీపి అట్టుకు పోస్తే పిండి పలుచనైపోతుంది. బెల్లం కరిగి తానే ద్రవమవుతుంది. పైగా పిండికి దక్కవలసిన తేమను తన దగ్గరే పట్టి ఉంచుకుంటుంది. అందువల్ల మొదట చూడగానే కాస్త చిక్కగా ఉందనిపించే చోట నీళ్ళు ఆపి, మూతపెట్టి అరగంట పక్కన పెట్టి, ఆ తర్వాతే జారుడు సరిచూసుకోవడం మేలు. గోధుమలోని పొట్టు నెమ్మదిగా నానుతుంది కనుక ఆ అరగంటలో కొన్నిసార్లు పిండి గట్టిపడి రెండు గరిటెల నీళ్ళు అడుగుతుంది, కొన్నిసార్లు ఏమీ అడగదు. గరిటెతో ఎత్తి వదిలితే ధార తెగకుండా పడాలి, పడిన గుర్తు గిన్నెలో ఒకటి రెండు క్షణాలు నిలిచి మాయం కావాలి. మినపట్టు పిండి కంటే ఇది కొంచెం పలుచన, రవ్వట్టు పిండి కంటే బాగా చిక్కన.

ఇక పెనం. మినపట్టుకు పెనం బాగా కాలాలి. నీళ్ళు చల్లితే చిటపటలాడి గింజల్లా దొర్లిపోవాలి. అదే పెనం మీద బెల్లం పిండి పోస్తే తిప్పేలోపు అడుగు నల్లగా మారి, పైన పచ్చి పిండి మెరుస్తూ ఉంటుంది. కారణం చెప్పుకోవడం కష్టమేమీ కాదు. అట్టు లోపల తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు; పెనానికి ఆనుకున్న పొర మాత్రం తడి ఆరిపోగానే గబగబా వేడెక్కుతుంది. పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి ఎర్రబడే మార్పు 140 డిగ్రీల చుట్టుపక్కల జోరందుకుంటుంది. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నారు. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉంటాయి. ఈ రెండూ పంచదార కంటే త్వరగా రంగు మారతాయి కాబట్టి పంచదార అట్టు కంటే కూడా బెల్లం అట్టు తొందరగా మాడుతుంది. కనుక లోపల ఉడకడానికి పట్టే సమయం, బయట ఎర్రబడడానికి పట్టే సమయం రెండూ దగ్గరపడే సెగను పట్టుకోవాలి. తీపి అట్టులో నేర్పంతా ఇదే.

ఆ సెగను నేను నీటి బొట్టుతోనే కనిపెడతాను, కానీ చూసే గుర్తు వేరు. చల్లిన బొట్టు గోళీలా గుండ్రంగా తిరుగుతూ పెనమంతా పరుగులు తీస్తే పెనం మితిమీరి కాలిందన్నమాట. బొట్టు కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తి పట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు ఈ వింతను 1756లోనే రాసి పెట్టాడు. ఇలా జరగాలంటే పెనం సుమారు 200 డిగ్రీల దాకా కాలి ఉండాలి. తీపి అట్టుకు అది ఎంతమాత్రమూ కూడదు. బొట్టు పడిన చోటనే చదునుగా పరుచుకుని, సుయ్‌మని నాలుగు బుడగలు లేచి, రెండు మూడు క్షణాల్లో ఇగిరిపోవాలి. అప్పుడు మంటను సన్నం చేసి పిండి పోయాలి. మా అత్తగారైతే నీళ్ళు చల్లరు. పెనం మీద చిటికెడు పొడి పిండి వేసి, అది గంధం రంగులోకి వచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తారు. “పిండి నల్లబడిందంటే అట్టూ నల్లబడుతుందమ్మా, ముందు పెనాన్ని చల్లారనివ్వు” అన్న ఆవిడ మాట ఇప్పటికీ నాకు పనికివస్తోంది.

పెనం రుద్దడానికి మినపట్టు రోజుల్లో వాడే సగం కోసిన ఉల్లిపాయ ఇక్కడ పనికిరాదు. ఆ వాసన ఏలకులను మింగేస్తుంది. తొడిమతో ఉన్న వంకాయ ముక్కగానీ, నెయ్యిలో ముంచిన చిన్న నూలుగుడ్డ మూటగానీ సరిపోతుంది. నెయ్యి పల్చగా తడిమినట్టు ఉండాలి. పెనం మీద నెయ్యి మడుగు కడితే పిండి దాని మీద జారి, అడుగున మచ్చలు మచ్చలుగా కాలుతుంది. పిండిని మధ్యలో పోసి గరిటె అడుగుతో ఒకటి రెండు చుట్లు మాత్రమే తిప్పుతాను. మినపట్టులా అంచుల దాకా లాగి పల్చన చేయను. పల్చటి తీపి అట్టు అప్పడంలా గట్టిపడుతుంది, మరీ మందమైతే లోపల పచ్చిగా మిగులుతుంది. రెండు రూపాయి నాణేలు దొంతరగా పెడితే ఎంత ఉంటుందో అంత మందం నాకు కుదిరింది.

పోసిన తర్వాత కళ్ళు పెనం మీదనే ఉండాలి. మొదట అంచులు మెరుపు తగ్గి మసకబారతాయి. తర్వాత మధ్యలో సూదిమొనలంత బుడగలు లేచి పగిలి, పగిలిన చోట చిల్లు పూడకుండా నిలిచిపోతుంది. చిల్లు మళ్ళీ పూడుతోందంటే పిండి ఇంకా పచ్చిగా ఉన్నట్టే. పైన తడి మెరుపు పూర్తిగా పోయి, అంచు దానంతట అదే పెనాన్ని వదిలి లేచినప్పుడు అట్లకాడ దూర్చాలి. ఈ లోపల ఎత్తి చూడాలని చేయి లాగుతుంది; బెల్లం అట్టు వేడి మీద మినపట్టు కంటే మెత్తగా ఉంటుంది కనుక తొందరపడితే మధ్యకు చిరుగుతుంది. మూతపెట్టి కాల్చేవాళ్ళు మూత లోపలి తడిని మధ్యమధ్య తుడుచుకోవాలి, లేకపోతే ఆ నీళ్ళు అట్టు మీద కారి గుంటలు పడతాయి. తిప్పిన రెండో వైపుకు మొదటి వైపు పట్టిన సమయంలో సగం కూడా అక్కర్లేదు. అట్టు కింద నుంచి చెరకు గానుగ దగ్గర వచ్చేలాంటి కమ్మటి వాసన వస్తూ ఉంటే సరే. ఆ వాసనలో కాస్త చేదు తగిలిందంటే మంట ఎక్కువైనట్టు.

మొదటి అట్టు పెనానికి అంటుకోవడం ఎవరి ఇంట్లోనైనా మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కానీ తీపి అట్ల విషయంలో మూడోదో నాలుగోదో కూడా అంటుకుంటుంది. ముందు అట్టు వదిలిన బెల్లం పెనం మీద సన్నటి పొరగా మాడి ఉంటుంది. తర్వాతి అట్టు దానికే పట్టుకుంటుంది. అందుకని ప్రతి అట్టు తీశాక తడిగుడ్డతో పెనాన్ని ఒక్కసారి తుడిచి, మళ్ళీ నెయ్యి రాస్తాను. గుడ్డ మీద కాఫీ రంగు మరక అంటుకుంటుంది, అదంతా తర్వాతి అట్టును చేదు చేయవలసిన మాడే. ఈ తుడుపుతో పెనం కాస్త చల్లబడడం కూడా మేలే, ఎందుకంటే అట్లు పోస్తున్నకొద్దీ ఇనుప పెనం వేడి పెరుగుతూ పోతుంది. పొయ్యి మీద నాన్‌స్టిక్ పెనం ఉన్నవారికి ఈ బాధ తక్కువ, కానీ ఇనుప పెనం మీద వచ్చే కరకర అంచు దాని మీద రాదు.

వాసనల దగ్గర పిల్లలకూ నాకూ కొంత పేచీ నడిచింది. వాళ్ళకు హోటల్లో తిన్న వెనిలా వాసనే కావాలి. మంచి బెల్లం వేసిన పిండిలో వెనిలా పోస్తే బెల్లం వాసనను అది కప్పేసి, ఏదో బేకరీ నుంచి తెచ్చిన వస్తువులా అనిపిస్తుందని నా అభిప్రాయం. పంచదారతో మైదా అట్లు పోసిన రోజున వెనిలాకు నాకేమీ అభ్యంతరం లేదు. బెల్లానికి మాత్రం ఏలకులు, శొంఠి, కొబ్బరి జంటగా కుదిరినట్టు మరేవీ కుదరవు. ఏలకుల గింజలను కొద్దిగా పంచదార వేసి దంచితే మెత్తటి పొడి అవుతుంది, ఒట్టిగా దంచితే పలుకులుగా మిగిలి పంటికి తగులుతాయి. దాన్ని పిండి కలిపేటప్పుడు కాక, అరగంట నానిన తర్వాత, పోయడానికి ముందు కలపాలి. ఏలకుల పరిమళం ఎగిరిపోయే నూనెల్లో ఉంటుంది. ముందే వేస్తే గిన్నె చుట్టూ వాసన, అట్టులో శూన్యం. శొంఠి పొడి పావు చెంచాకు మించకూడదు. జాజికాయ అయితే రాయి మీద రెండు రుద్దులు చాలు. పచ్చకర్పూరం వేసి చూస్తే ఫలహారం కాస్తా గుడి ప్రసాదమైపోయింది. అది తినేటప్పుడు చేతులు జోడించాలేమోనని మా వారు వేళాకోళం చేశారు.

కొబ్బరి కోరును నేరుగా కలిపే కంటే నెయ్యిలో అరనిమిషం దోరగా వేపి కలిపితే పిండి నీరుగారదు, వాసన కూడా పెరుగుతుంది. మరీ ఎర్రగా వేపితే మాత్రం పెనం మీద మళ్ళీ కాలుతుంది కనుక అవి నల్లటి చుక్కలై చేదు తగులుతాయి. వేపిన నువ్వులు ఒక చెంచా పిండిలో కలపకుండా, అట్టు పోసిన వెంటనే పైన చల్లితే తిప్పినప్పుడు అంటుకుని దోరగా వేగుతాయి.

పండ్లలో అరటిపండు పిల్లలకు నచ్చింది. రావులపాలెం వైపు నుంచి వచ్చే చక్కెరకేళి బాగా మగ్గి తొక్క మీద నల్లమచ్చలు పడ్డాక చేత్తో మెదిపితే వెన్నలా అవుతుంది. ఒక పెద్ద పండుకు బెల్లం మూడోవంతు తగ్గించాలి, నీళ్ళు కూడా అరకప్పు దాకా తగ్గించాలి. అరటిపండు వేసిన పిండి మరీ మెత్తన కనుక అట్లను చిన్నవిగా, పూరీ అంత వెడల్పున పోయాలి. పండు గుజ్జును కలిపి పిండిని ఎక్కువసేపు ఉంచితే గాలి తగిలి రంగు నల్లబడుతుంది. రుచికి ఢోకా లేకపోయినా చూడడానికి బాగుండదు కాబట్టి దాన్ని చివరగా కలుపుతాను. వేసవిలో రసాలు వచ్చినప్పుడు పిండిన మామిడి రసం నీళ్ళకు బదులుగా పోస్తే రంగు అందంగా వస్తుంది కానీ, పెనం మీద మామిడి వాసన సగం పోతుంది. అందుకే మామిడి రసాన్ని పిండిలో వృథా చేయకుండా కాలిన అట్టు మీద పోసుకోవడమే న్యాయం.

తాటిపండు సంగతి వేరు. శ్రావణ భాద్రపదాల్లో దొరికే తాటిపండు గుజ్జు తీసి, బియ్యపు రవ్వ, బెల్లం కలిపి రొట్టె వేయడం మా వైపు ఉన్నదే. ఆ గుజ్జును ఈ అట్ల పిండిలో కలిపితే రంగు పసుపు, వాసన ఇల్లంతా. అయితే కొన్ని పండ్లలో చేదు ఉంటుంది, పైకి చూస్తే తెలియదు; పీచు పిండేటప్పుడే గుజ్జును నాలుకకు రాసి చూసుకోవాలి. తాటిపండు వాసన తెలియని ఊళ్ళలో పెరిగిన పిల్లలు మొదట ముక్కు మూసుకుంటారు, బలవంతం చేయకపోతే నెమ్మదిగా అలవాటు పడతారు. రాగిపిండి వేయాలనుకునేవారు గోధుమపిండిలో మూడోవంతు మాత్రం తీసి దాని స్థానంలో వేసుకోవాలి, దానికి జిగురు లేదు కనుక పూర్తిగా రాగితో పోస్తే తిప్పేటప్పుడు ముక్కలవుతుంది.

పాన్‌కేకుల్లా పొంగి మందంగా ఉండాలన్న పిల్లల కోరిక కూడా తీర్చవలసి వచ్చింది. దానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, నీళ్ళలో సగానికి బదులు పుల్లటి మజ్జిగ పోసి, పోయబోయే ముందు పావు చెంచా వంటసోడా వేయడం. పులుపు తగిలిన సోడా వెంటనే బుడగలు కక్కుతుంది, ఆ బుడగలు పోకముందే అట్లు పోసేయాలి. రెండోది బేకింగ్ పౌడర్. అందులో సోడాతో పాటు పుల్లటి లవణం కూడా కలిసే ఉంటుంది, చాలా రకాలు తడికి కొంత, పెనం వేడికి కొంత పొంగుతాయి కనుక తొందర లేదు. సోడా మోతాదు మించితే ఒకటికి రెండు నష్టాలు. నోట్లో సబ్బు రుచి తగులుతుంది, పైగా క్షారం ఎక్కువైన పిండి ఇంకా త్వరగా ఎర్రబడుతుంది. బెల్లం వల్ల ఎలాగూ తొందరపడే రంగుకు సోడా మరింత ఊపు ఇస్తుంది. అందుకే పొంగు అట్లకు మంట ఇంకా సన్నం చేసి, మూతపెట్టి, ఓపిగ్గా నిలబడాలి. గుడ్డు వేస్తే పొంగు బాగా నిలుస్తుంది. మా అత్తగారు తినరు కాబట్టి మా పిండిలో గుడ్డు ఉండదు, దానివల్ల లోటు కూడా ఏమీ కనబడలేదు.

తినడానికి నేను పైన తేనె, పాకం పోయను. తీపి లోపల ఉన్నదానికి పైన మళ్ళీ తీపి పోస్తే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. వేడి అట్టు మీద చెంచాడు వెన్నపూస పెట్టి అది కరిగి చిల్లుల్లోకి ఇంకేదాకా ఆగడం, లేదంటే పక్కన మీగడ తీయని గడ్డపెరుగు పెట్టుకోవడం మా ఇంటి పద్ధతిగా స్థిరపడింది. పెరుగు పులుపు బెల్లాన్ని సరిచేస్తుంది. మా మామగారికి మధుమేహం ఉంది. బెల్లం మంచిదే కదా అని ఆయన ఒకటి రెండు లాగించబోతారు. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే కనుక రక్తంలో చక్కెర దగ్గర దానికి మినహాయింపు ఏమీ లేదని ఆయనకు నచ్చజెప్పి, అదే పిండిని బెల్లం కలపకముందే కొంత తీసి, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి ముందుగా ఆయన అట్లు పోసేస్తాను. తీపి పోసిన పెనం మీద తర్వాత ఉప్పటి అట్టు పోస్తే అంటుకుంటుంది కానీ, ఈ వరుసలో ఆ చిక్కు లేదు.

బడి డబ్బాకు ఇవి బాగా పనికివస్తాయి. బెల్లం తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి మధ్యాహ్నానికి కూడా గోధుమ రొట్టెలా ఎండిపోవు. అయితే వేడి మీద దొంతర పెట్టి డబ్బాలో మూస్తే ఆవిరికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోతాయి. జల్లెడ మీద విడివిడిగా చల్లార్చి, చుట్టలు చుట్టి పెట్టాలి. మిగిలిన పిండిని మర్నాటికి దాచే ఆలోచన మంచిది కాదు. తీపి ఉన్న పిండి బయట ఉంటే త్వరగా పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టినా నీరు తేలి అట్టు చిరుగుతుంది. మిగిలిందనుకున్నప్పుడు గుప్పెడు బియ్యప్పిండి కలిపి చిక్కగా చేసి, గుంతపొంగడాల పెనంలో నెయ్యి చుక్కలతో అప్పుడే వేసేస్తే సాయంత్రం దాకా పిల్లలు వచ్చిపోతూ తినేస్తారు. ఇక పెనాన్ని చల్లారేదాకా వదలకుండా గోరువెచ్చటి నీళ్ళు పోసి నానబెట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, పొయ్యి మీద తడి ఆర్చి నూనె రాసి పెట్టాలి. రవ్వంత బెల్లం మాడు మిగిలినా మర్నాడు మినపట్టు అక్కడే పట్టుకుంటుంది. చివరికి నేను గూట్లో ఉన్న పాత ఇనుప పెనాన్ని దింపి, తోమి, తీపి అట్లకే కేటాయించాను.